పట్టపువారికి ఇచ్చితిమి

మద్రాసు,
12 జూలై 1961.

నాయనకు నమస్కారాలు.

గురవమ్మత్త నన్ను పొగరుబోతు అన్నందుకు నాకు బాధ లేదు. ఆరో క్లాసు నుంచీ వింటున్న మాటే అది. మొన్న నేను బయల్దేరే రోజు ఆమె వీధి అరుగు మీద పదిమంది ముందు ఏమన్నదో మీరూ విన్నారు. "దిబ్బ మీద కుప్పమోళ్లతో కూర్చోని, మూతికి మసి పూసుకోని, ఇకఇకలూ పకపకలూనా? దీనికా మీరు మొగుణ్ణి వెతికేది?" అన్నది. ఆ మసి ఎవరి కోసం పూసుకున్నానో ఆ అరుగు మీద మీ ఒక్కరికే తెలుసు. మీరు భూతద్దం తుడుచుకుంటూ కూర్చున్నారు. ఒక్క మాట అనలేదు.

మన ఇంట్లో నన్ను ఇరవై రెండేళ్లుగా అందరూ తప్పుగానే చదువుతున్నారు. మాట్లాడితే పొగరు, మాట్లాడకపోతే గర్వం. నవ్వితే సిగ్గు లేదు, నవ్వకపోతే మొగరాయుడు. మీరు మాత్రం అట్లా చదవరని అనుకునేదాన్ని. మీ కళ్లకు శుక్లాలు వచ్చి రాతి మీద అక్షరం ఆనడం లేదని, నన్నెరాజు మీద పదేళ్లుగా రాస్తున్న పుస్తకం ఆ రాయి దగ్గరే ఆగిపోయిందని, మీరు నోరు తెరిచి అడిగితేనే నేను పెద్దదిబ్బ ఎక్కాను. ఎం.ఎ.లో పాత లిపి నేర్చుకుంటున్న కూతురు ఉన్నందుకు ఆ రోజు మీరెంత మురిసిపోయారో అత్తకు చెబితే ఏం పోయేది?

సరే, పని సంగతి రాస్తాను.

రాయి దిబ్బ మీది చేపలవాళ్ల కుప్పంలో, పేరమ్మ గుడిసె వెనకే ఉంది. మన వాకిట్లోకి చేపలు తెచ్చే పేరమ్మే. నాలుగు రోజులు కడవలతో నీళ్లు మోసి రాయి కడిగిపెట్టింది. తడి కాగితం రాతికి అంటించి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కుంచెతో కొట్టి, ఆరినాక సిరా గుడ్డతో అద్దాను. గుంటలో ఉన్న అక్షరం తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడుతుంది. పేరమ్మ పక్కనే గొంతుక్కూర్చుని చూసింది.

"ఏందమ్మే, రాతికి తలంటు పోస్తుండావా? మా తాత కాడ్నించీ దీని మీద చేపలు ఎండేసుకుంటుండాం. చదువొచ్చిన చెయ్యి దీని మీద పడింది ఇదే మొదలు. ఇంతకీ ఏం రాసినాడంట మీ రాజు? మా చేపల కంపు సంగతేమన్నా రాసినాడా?"

మేం నవ్వింది అందుకు. అత్తకు చెప్పండి.

రెండు కాగితాలు తీశాను. రెండోది తడికి మడతల్లో అతుక్కుపోయింది, నిదానంగా విప్పాలి. మొదటి దాంట్లో తొమ్మిది పంక్తులు చదివాను. ముఖ్యమైనది ఇది: "నన్నెరాజు పెద్దదిబ్బ నాలుగెల్లలతో పట్టపువారికి ఆచంద్రార్కముగా ఇచ్చితిమి." పట్టపువారు అంటే పట్టం కట్టుకున్నవారు, రాజకుటుంబం కావాలి. పట్టపురాణి, పట్టపుటేనుగు అంటాం కదా. రెండో కాగితం విప్పాక ఖాయంగా రాస్తాను.

మీ కూతురు,
శేషారత్నం.

*

నన్నూరు, వయా విడవలూరు,
20 జూలై 1961.

చిరంజీవి శేషారత్నాన్ని ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ వానలు లేవు. నేను కులాసా.

గురవమ్మ నోరు సముద్రం వంటిది. సముద్రంతో ఎవరు వాదిస్తారు? వదిలెయ్యి.

నీ ఉత్తరం భూతద్దం పెట్టుకుని మూడుసార్లు చదువుకున్నాను. పట్టపువారు! మన ఇంటిపేరు నన్నెవారు అని ఎందుకు వచ్చిందో మా నాయన చెప్పేవాడు, ఊళ్లో నవ్వేవాళ్లు. ఇప్పుడు రాయే చెప్పింది. పెద్దదిబ్బ రాజు తన రక్తానికి ఇచ్చుకున్న భూమి. ఆ రక్తం మనది. నేను చేయలేని పని నువ్వు చేశావు. నా కళ్లు నువ్వే.

నా పుస్తకం సారం నీకు తెలుసు. రాజుకు మొదటి రాజ్యం తన ఒళ్లు. నాలుక మీదా కంటి మీదా చేతి మీదా అధికారం లేనివాడికి ఊళ్ల మీద అధికారం నిలవదు. నన్నెరాజు ఒంటిపూట తిన్నాడు, ఏకపత్నీవ్రతుడు, పుట్టిన తర్వాత ఒక్కసారి మాట తప్పినవాడు కాడు. నన్ని అంటేనే పాతమాటల్లో సత్యం. అందుకే ఏడు రేవులు కత్తి దూయకుండా ఆయన కింద నిలిచినవి. గుణం ఉంటే జయం దానంతట అదే వస్తుందని ఈ కాలం వాళ్లకు చెప్పే పుస్తకం ఇది. నేనూ నా బతుకులో అబద్ధం ఆడి ఎరుగను. ఊరు నన్ను ముప్పై ఏళ్లుగా పెద్దగా నిలబెట్టుకున్నది అందుకే గాని, పొలం చూసి కాదు.

పెద్దదిబ్బ మీద సరుగుడు తోట వేద్దామని ఉన్నది. ఇంతకాలం హక్కు తేలక ఆగాను. కుప్పం వాళ్లకు సామరస్యంగా చెప్తాను.

రెండో కాగితం తొందరగా విప్పి పంపు.

ఆశీస్సులతో,
కామాక్షయ్య.

*

మద్రాసు,
4 సెప్టెంబరు 1961.

నాయనకు నమస్కారాలు.

తోట పని ఆపండి. ముందు ఈ ఉత్తరం చదవండి.

రెండో కాగితం విడింది. నేను తప్పు చదివాను. మా ప్రొఫెసరు గారికి కూడా చూపించాను, ఆయనా ఇదే అన్నారు. పంక్తులు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను:

"గాలివానను మా ఓడవారిని పట్టపువారు వలల నీడ్చి ఒడ్డు చేర్చిరి. అందుకు దిబ్బ ఇచ్చెదమంటిమి. ఈయమైతిమి. వారు మూడేండ్లు రేవు విడిచిపోయిరి. ఓడలు రావాయె. ఇది మేము మాట తప్పిన తప్పు. ఈ దిబ్బ వారిచేత విడిపించినవాడు గంగ కరను కవిలను (గంగ ఒడ్డున ఆవును) చంపిన పాపాన పోవును."

వలలతో ఈడ్చినవారు రాజకుటుంబం కాదు కదా.

అప్పటికీ నాకు ఆ మాట పూర్తిగా తెలియలేదు. మొన్న ఆదివారం రాయపురం రేవుకు పోయి, తెలుగు మాట్లాడుతూ చేపలమ్ముతున్న ఒకామెను "మీదే ఊరమ్మా?" అని అడిగాను. "నెల్లూరు దిక్కు. పట్టపోళ్లం" అన్నది. మళ్లీ చెప్పమంటే, "చెవుడా? పట్టపోళ్లం! సముద్రమోళ్లం! చేప కొంటావా, కులం కొంటావా?" అని కసిరింది.

నాయనా, మన ఊరు కుప్పంలో ఉన్నవాళ్లూ వాళ్లే. వాళ్ల పాళేన్ని వాళ్లు పట్టపుపాళెం అంటారట. మనం కుప్పమోళ్లు అంటాం, వాళ్లు మన ముందు అట్లాగే పలుకుతారు. పేరమ్మ పక్కన నాలుగు రోజులు కూర్చున్నాను. ఆమె చేతి నీళ్లతో కడిగిన రాతి మీద ఆమె పేరే ఉంటే, పట్టపురాణిని తలుచుకున్నాను. చదువురానివాడికి ఈ తప్పు రాదు. పరాయి ఊరివాడికి రాదు. మన ఇంట్లో పుట్టినవాళ్లకే వస్తుంది.

మీ పుస్తకం దీంతో చెడిపోదు. ఇంకా బాగుపడుతుంది. నన్నెరాజు ఎప్పుడూ మాట తప్పలేదని మీరు రాశారు. తప్పాడు. తప్పిన మూడేళ్లూ ఆయన రేవులో ఒక్క ఓడ ఆగలేదు, తెడ్డు పట్టే చెయ్యి లేదు. ఆ తప్పును తనే ఒప్పుకుని, తన పేరు మీద, అందరూ నడిచే దారిలో రాతిలో చెక్కించుకున్నాడు. ఏడు రేవులూ నిలిచింది ఆ తర్వాతే. ఒంటిపూట తినడం ఏ రాజైనా చేయగలడు. ఇది ఇంకెవరు చేశారు?

మొదటి ఉత్తరంలో పట్టపువారు అన్న మాటకు నేను రాసిన అర్థం కొట్టెయ్యండి. పేరమ్మ ఎట్లా ఉంది? ఆమెకు ఈ సంగతి మీరే చెప్పండి. మీ నోటితో వింటే సంతోషిస్తుంది.

మీ కూతురు,
శేషారత్నం.

*

నన్నూరు,
15 సెప్టెంబరు 1961.

చి. శేషారత్నానికి ఆశీస్సులు.

నీ ఉత్తరం ఎనిమిదో తేదీన అందినది. చవితి పనుల్లో ఉండి జవాబు ఆలస్యమైనది.

నీ తెలివికి సంతోషం. కాని తెలివి వేరు, వివేకం వేరు. ఏ రాజైనా తన తప్పు తానే రాయించుకుంటాడా? ఆ కిందిభాగం వేరే చేతిది కావచ్చు. తర్వాత ఎవరో చెక్కి ఉండవచ్చు. అరిగిన పంక్తులు పట్టుకుని పెద్దవాళ్లను చిన్నచేయరాదు. మాట తప్పని రాజని మూడు వందల పేజీలు వ్రాశాను. ఇప్పుడు తప్పాడని ఒక పేజీ వ్రాయమంటావా? పిల్లలకు ఏం నేర్పుతాం?

కుప్పం వాళ్లు తమంతట తామే దిబ్బ దిగి ఉప్పుటేటి ఒడ్డుకు జరిగారు. రాద్ధాంతం ఏమీ లేదు. పేరమ్మ బాగానే ఉన్నది.

పుస్తకం మద్రాసులోనే ఖాదర్ బాషా ప్రెస్సుకు ఇచ్చాను. నెల్లూరు వాడు, నమ్మకస్తుడు. ప్రూఫులు నువ్వు దిద్దు. చిల్లకూరు నుంచి ఒక సంబంధం వచ్చినది. పిల్లవాడు ఇంజనీరు. చరిత్ర అంటే ఇష్టమట.

కామాక్షయ్య.

*

మద్రాసు,
20 అక్టోబరు 1961.

నాయనకు,

ప్రూఫులు దిద్దమన్నారు, దిద్దాను. రాతి పాఠం మొత్తం, రెండు కాగితాలూ, వేసి, పట్టపువారు అన్నచోట "సముద్రం మీద బతికే పట్టపు కులంవారు" అని అర్థం రాసి ఖాదర్ బాషా గారి చేతికిచ్చాను. నిన్న పుస్తకం చూద్దామని పోతే, ఆయన నన్ను చూసి ముక్కాలిపీట జరిపి, టీ తెప్పించి, చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు. ఆ సిరా ఎంత తుడిచినా పోదని ఆయనకూ తెలుసు.

"అమ్మా, మాది కంపోజింగు పని. మాకు అచ్చరాలు తలకిందులుగా కనబడతాయి, అర్థాలు కనబడవు. పోయిన మంగళవారం మీ నాయనగారు రైలు దిగి నేరుగా ఈడికే వొచ్చినారు. 'ఈ కింది పంక్తులు పీకెయ్, ఈ మాటకి అర్థం మార్చు' అన్నారు. 'అమ్మాయిగారు దిద్దినారు గదా సార్' అంటే, 'అమ్మాయి పేరు మాత్రం ఉంచు' అన్నారు."

పేజీ చూశాను. "పట్టపువారు: రాజవంశీకులు. శాసన పాఠం: కుమారి నన్నె శేషారత్నం, ఎం.ఎ." నాకు ఎం.ఎ. ఇంకా రాలేదు. అదీ మీరే ఇచ్చేశారు.

మీరు మద్రాసు వచ్చారు. మా హాస్టలు ఆ ప్రెస్సుకు మైలు దూరం. నన్ను చూడకుండా పోయారు. ఎందుకని అడగను.

"సార్ మీద ఊళ్లో దేవుడికున్నంత పేరుంది గదమ్మా" అన్నాడు ఖాదర్ బాషా. "దేవుడు ప్రూఫులు దిద్దడు బాషా గారూ" అన్నాను. నవ్వాడు గాని, పుస్తకం చేతికిచ్చేటప్పుడు నా ముఖం చూడలేదు.

పుస్తకం బయటికి పంపకండి. నా పేరు తీసెయ్యండి, లేదా నేను చదివింది వెయ్యండి. పేరమ్మ ఎట్లా ఉంది? దిబ్బ దిగి ఉప్పుటేటి ఒడ్డున ఎందుకుంటారు? అది పల్లం. ఏటి మొగ పొంగితే మొదట మునిగేది అదే. తమంతట తాము దిగారంటే నేను నమ్మలేకుండా ఉన్నాను.

శేషారత్నం.

*

నన్నూరు,
16 డిసెంబరు 1961.

చి. శేషారత్నానికి,

రెండు నెలలుగా జవాబు వ్రాయలేదని మధ్యలో మరి రెండు కార్డులు వ్రాశావు. కంటికి మందు వేస్తున్నారు. ఈ ఉత్తరం మూడు రోజులుగా కొంచెం కొంచెం వ్రాస్తున్నాను.

పుస్తకం మొన్న నెల్లూరులో ఆవిష్కరణ జరిగినది. పెద్దలు వచ్చారు. నన్నెరాజు గుణమే ఈ కామాక్షయ్యలో కనబడుతున్నదని ఒక వక్త అన్నాడు. సభ చప్పట్లు కొట్టినది. నీ పేరు కూడా చదివారు. అచ్చయిన పేరు ఇక తీయడానికి లేదు.

నీకు ఒక సంగతి అర్థం కాలేదు. గుణం అంటే ఏమిటి? జనం నమ్మినదే గుణం. నన్నెరాజు నిజంగా ఒంటిపూట తిన్నాడో రెండుపూటలా తిన్నాడో ఎవరు చూశారు? మాట తప్పనివాడని వెయ్యేళ్లు నమ్మారు, ఆ నమ్మకం వల్ల ఈ సీమలో కొందరు మాట మీద నిలబడ్డారు. నీ రెండో కాగితం ఆ నమ్మకాన్ని చంపుతుంది. సత్యం గొప్పదే. కాని ఎవరి చేతిలో పెట్టాలో తెలిసి పెట్టవలసిన వస్తువు అది.

కుప్పంలో కొందరు కుర్రవాళ్లు దిబ్బ తమదని కోర్టులో దావా వేశారు. జీవానందం అనే వకీలు వాళ్లను ఎగదోస్తున్నాడు. నేను పుస్తకమూ, దానితో నీ జూలై ఉత్తరమూ దాఖలు చేశాను. పట్టపువారు రాజకుటుంబం అని నీ చేతిరాతలో, నీ సంతకంతో ఉన్నది. దానికి మించిన సాక్ష్యం అక్కరలేదని మా వకీలు అన్నాడు. నీ సెప్టెంబరు ఉత్తరం ఎవరూ అడగలేదు. నేనూ చూపలేదు.

కార్తీకంలో వానలు బాగా పడినవి. సరుగుడు మొక్కలు అన్నీ బతికినవి.

మాఘంలో ముహూర్తం. చిల్లకూరు వాళ్లు ఒప్పుకున్నారు. పరీక్షలు వద్దు, బయల్దేరి రా.

పేరమ్మ బాగానే ఉన్నది. నిన్ను అడిగినట్టు చెప్పమన్నది.

కామాక్షయ్య.

*

మద్రాసు,
7 జనవరి 1962.

నాయనా,

నిన్న పేరమ్మ కొడుకు మునెయ్య మా హాస్టలుకు వచ్చాడు. మగవాళ్లను లోపలికి రానివ్వరు. వార్డెను రెబెక్కమ్మ గారు గేటు దగ్గర వేపచెట్టు కింద నిలబెట్టి, పది నిమిషాలు ఇచ్చింది. నేను పోగానే, "అమ్మ ఎట్లా ఉంది మునెయ్యా? నన్ను అడిగిందట కదా" అన్నాను.

నా వంక చూశాడు.

"ఎప్పుడడిగింది?"

"పోయిన నెల్లో. నాయన రాశాడు."

"పోయిన నెల్లో యాడుందమ్మే మా అమ్మ? కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడే పాయె. ఏరు పొంగినాక పొద్దున తొమ్మిదింటికి పల్లంలో గుడిసెలన్నీ మునిగినై. మేమందరం దిబ్బెక్కను పరిగెత్తినాం. దిబ్బ చుట్టూ మీ నాయన ముళ్లకంచె ఏపిచ్చినాడు గదా. కంచె పీక్కోని ఎక్కేసరికి ఎనకపడినోళ్లు ముగ్గురు పోయినారు. మా అమ్మ ఒకతి. నవంబరు పంతొమ్మిది. పడవకి కట్టే తాడు నడుముకి కట్టుకోనుండింది, ఆ తాడుతోనే దొరికింది."

మునెయ్యే మళ్లీ అన్నాడు:

"నీ కాడికి ఏడవను రాలే. వకీలు పంపిస్తే వొచ్చినా. ఒక్క మాట చెప్పు, పోతా. చవితి మర్నాడు మీ నాయన దిబ్బకొచ్చి, పాళెం మొత్తాన్ని కూర్చోబెట్టి, నీ ఉత్తరం చదివినాడు. దిబ్బ రాజులదని రాతిలో ఉండాదని, నువ్వే రాసినావని. పట్టపోళ్లన్న మాట మాత్రం మింగేసినాడు, అది ఆనక వకీలు చెప్తేనే తెలిసింది. మేం కుర్రోళ్లం నమ్మలే. మా అమ్మే లేచింది. 'కామాక్షయ్య మాటైతే నేనూ నమ్మను గాని, ఈ బిడ్డ మాట నమ్ముతారా. నా కళ్లముందర నాలుగు దినాలు ఆ రాతిని కావిలించుకోని చదివింది. అదెందుకు అబద్ధం రాస్తాది?' అని, అందరికంటే ముందు తన గుడిసె తాళ్లు తనే విప్పింది. ఇప్పుడు చెప్పు. ఆ రాతిలో ఉండేది అదేనా?"

"కాదు" అన్నాను.

"అయితే నీ మాటకి చచ్చింది" అన్నాడు. తిట్టలేదు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. రెబెక్కమ్మ గారు ఇంకా మూడు నిమిషాలుందే అన్నది.

నాయనా, నేను తేదీలు పక్కపక్కన పెట్టి చూశాను. నా సెప్టెంబరు ఉత్తరం మీకు ఎనిమిదో తేదీన అందిందని మీరే రాశారు. చవితి పదమూడు. మర్నాడు దిబ్బ మీద మీరు చదివింది జూలై ఉత్తరం. తప్పని తెలిసి, దిద్దిన కాగితం ఇంట్లో పెట్టుకుని, తప్పును తీసుకుపోయి చదివారు. ఆ మర్నాడు నాకు "తమంతట తామే జరిగారు" అని రాశారు. ఆమె చచ్చిపోయిన నాలుగు వారాలకు "నిన్ను అడిగినట్టు చెప్పమన్నది" అని రాశారు. ఆ వాక్యం ఎట్లా రాయగలిగారు? కంటికి మందు వేసుకుని, మూడు రోజులు కొంచెం కొంచెంగా రాశానన్నారే, ఆ వాక్యం ఏ రోజు రాశారు?

మొదటి తప్పు నాది. ఆ తప్పు మీరు చేయలేదు, నేనే చేశాను. తొందరపడ్డాను. మీరు మురిసిపోతారని తొందరపడ్డాను. రెండో కాగితం విడేదాకా ఆగి ఉంటే మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు. దాన్ని మీ మీద తోసి నేను పక్కకు తప్పుకోను.

నన్నెరాజు గురించి మీరూ నేనూ నెలల తరబడి వాదించుకున్నాం. ఇప్పుడు ఆయన సంగతి నాకు తేలిపోయింది. ఆయన మంచివాడని జనం రేవుకు తిరిగి రాలేదు. తన తప్పు తన నోటితో చెప్పాడు కాబట్టి, ఇక ఇతని మాట నమ్మవచ్చని వచ్చారు. మిమ్మల్నీ జనం అట్లాగే నమ్మేవాళ్లు. ఆ ఒక్క రోజు దిబ్బ మీద "మా అమ్మాయి తప్పు చదివింది, ఇది మీదే" అని ఉంటే, పేరమ్మ మిమ్మల్ని దేవుడని ఉండేది. ఆ నమ్మకాన్ని సరుగుడు కట్టెలకు అమ్ముకున్నారు.

మీకు సరిపోయిన జవాబు ఉంటే రాయండి. ఎదురుచూస్తాను.

శేషారత్నం.

*

నన్నూరు,
11 ఫిబ్రవరి 1962.

రత్నమ్మా,

అక్షరాలు పెద్దవిగా ఉన్నవి, వంకరపోతున్నవి. మన్నించు. ఒక కంట చూపు పోయినది. ఇంకొక కంట వెలుగు మాత్రం తెలుస్తున్నది. ఇది నేను వ్రాసే ఆఖరు ఉత్తరం కావచ్చు.

పేరమ్మ సంగతి నీకు బాధ కలిగిస్తుందని వ్రాయలేదు. పరీక్షల ముందు ఎందుకని ఆగాను. తండ్రి దాచేవి ఉంటవి. చేపలమ్ముకునే ముసలిది ఒకతి వానకు పోయినది. సముద్రం పక్కన ప్రతి ఏడూ పోతారు. నేను వాన కురిపించానా?

నువ్వు ఆ జీవానందం ఇంటికి పోతున్నావని విన్నాను. బోనెక్కుతావా? ఎక్కి ఏం చెప్తావు? ముందుగా నీ జూలై ఉత్తరం నీ చేతికే ఇచ్చి చదవమంటారు. ఈ సంతకం నీదేనా అంటారు. పట్టపువారంటే ఎవరో తెలియని దానివి శాసనాలు చదువుతావా అని మా వకీలు నవ్వుతాడు, కోర్టు నవ్వుతుంది. పత్రికల్లో వేస్తారు. ఆ తర్వాత నీకు ఏ కాలేజీ ఉద్యోగం ఇస్తుంది? చిల్లకూరు వాళ్లు అప్పుడే వెనకాడుతున్నారు. గురవమ్మ నిన్ను పొగరుబోతు అన్నప్పుడు నేను ఊరుకున్నానని నిష్ఠూరం వేశావు. ఆనాడు మనసులో నీ పక్షమే ఉన్నాను. ఈనాడు గురవమ్మే నయం అనిపిస్తున్నది.

నన్ను అబద్ధాలకోరని నలుగురిలో నిరూపించి నువ్వు బావుకునేది ఏమిటి? నాకు మిగిలినది పేరొక్కటే. గుడ్డివాడి దగ్గర అది కూడా లాక్కుంటావా? నీ తల్లి పోయినాక నీకు తల దువ్విన చేతులివి. ఆడపిల్లను గడప దాటించి కాలేజీకి పంపుతున్నానని ఊరంతా నవ్వినప్పుడు, నవ్వనివ్వమన్న నోరు ఇది.

ఏమీ చెప్పనక్కరలేదు. ఆ రోజు రాకుండా ఉండు చాలు. జబ్బు చేసిందని కబురు చెయ్యి. మిగతాది వకీలు చూసుకుంటాడు.

వచ్చావో, నాకు కూతురు లేదు. బతికి ఉండగానే నీకు తిలోదకాలు వదులుతాను. ఇది మాత్రం నేను తప్పే మాట కాదు.

కామాక్షయ్య.

*

నెల్లూరు,
9 మార్చి 1962.

నాయనకు,

మీకు ఈ ఉత్తరం చదివి వినిపించేవాళ్లు ఎవరో తెలియదు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. చదివేవాళ్లు గట్టిగా, మధ్యలో ఏదీ వదలకుండా చదవాలి.

తల దువ్విన చేతులు నాకు గుర్తున్నాయి. కాలేజీకి పంపిన సంగతీ గుర్తుంది. మీరు పంపకపోతే నాకు ఆ రాయి చదవడం వచ్చేది కాదు. మీ చూపు పోయిందని చదివి ఒక రాత్రంతా ఏడ్చాను. తెల్లవారి లేచాక జీవానందం గారింటికే పోయాను.

బోనులో నన్ను ఏమడుగుతారో మీరు చెప్పినట్టే ఆయనా చెప్పారు. "అమ్మా, మొదట నీ పరువు పోతుంది, ఆ తర్వాతే మీ నాయనది. ఆలోచించుకున్నావా?" అన్నారు. ఆయన భార్య ఎస్తేరమ్మ గారు లోపలి నుంచి, "భోంచేసి ఆలోచించుకుంటుంది లెండి, ముందు పిల్లని కూర్చోనియ్యండి" అన్నది. భోంచేశాను. ఆలోచించుకోవడానికి ఏమీ మిగల్లేదు.

జూలై ఉత్తరం నాదేనని చెప్తాను. తప్పు చదివానని, ఎందుకు తప్పు చదివానో కూడా చెప్తాను. పక్కింటివాళ్ల పేరు తెలియని ఇంట్లో పుట్టానని చెప్తాను. నవ్వేవాళ్లు నవ్వుతారు. మునెయ్య ముందు వరసలో కూర్చుంటాడు. అతను నవ్వడు, నన్ను క్షమించడు. ఆ రెండూ నేను అడగలేదు.

రాతి మీద తీసిన కాగితాలు రెండూ జీవానందం గారికి ఇచ్చాను. మీరు నాకు రాసిన ఉత్తరాలు కూడా ఇచ్చాను. ఎనిమిదో తేదీన అందినదన్నదీ, పేరమ్మ నన్ను అడిగినదన్నదీ, జబ్బు చేసిందని కబురు చెయ్యమన్నదీ, అన్నీ. వాటిని కోర్టులో పైకి చదువుతారు. మీ చేతిరాత మీదేనని ఆనవాలు పట్టవలసింది నేను. పడతాను.

చిల్లకూరు వాళ్లకు నేనే కార్డు రాసి వద్దన్నాను.

తిలోదకాల విషయం మీ ఇష్టం.

విచారణ పన్నెండో తేదీ సోమవారం. పదకొండు గంటలకు పట్టపువారి తరఫున సాక్ష్యం చెప్తాను.

శేషారత్నం.